పిల్లల గదికి ముందు గాలి, వెలుతురు... ఆ తర్వాతే స్ఫటికాలు, గోపురాలు

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి, పీయూసీ (ఇంటర్) పరీక్షల తేదీలు వచ్చాయంటే బెంగళూరు తెలుగు ఇళ్ళలో పిల్లల గదులు సర్దడం మొదలవుతుంది. మారతహళ్ళి, కె.ఆర్.పురం, సర్జాపూర్ రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ, ఎక్కడైనా ఇవే ప్రశ్నలు. చదువుకునే బల్ల ఎటు తిప్పాలి? కిటికీకి స్ఫటికం కట్టాలా? ఈశాన్యంలో చదువు కోసమని అమ్మే చైనా బొమ్మ గోపురం, వెన్‌చాంగ్, పెడితే మార్కులు పెరుగుతాయా? తల్లిదండ్రుల ఆరాటాన్ని మేం తక్కువ చేసి చూడం. పిల్లల కోసం చేసే పని కాబట్టే అది కొలత ప్రకారం, కారణం తెలిసి చేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇళ్ళ లోపలి అమరికే మా వృత్తి. వాస్తు లెక్కలూ, చైనావాళ్ళ వాస్తు అనదగ్గ ఫెంగ్ షుయ్ లెక్కలూ రెండూ చూస్తాం.

ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీరు. చైనాలో చలికాలపు ఈదురుగాలి ఉత్తరం నుంచి వీస్తుంది. అందుకే వెనక ఉత్తరాన కొండ అడ్డుగా, ముందు దక్షిణాన ఎండ తగిలేలా, కాస్త దూరంలో నీరు ఉన్న చోటు ఇంటికి మంచిదన్నారు. ఆ నేలకూ ఆ చలికీ పుట్టిన సూత్రం అది. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ 24, ఆగస్టు 18 తేదీల ప్రాంతంలో ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. దక్షిణపు కిటికీ గురించి అక్కడ చెప్పిన మాటను ఇక్కడికి ఉన్నదున్నట్టు దించుకుంటే కుదరదు.

మనల్ని ఇక్కడ బాధపెట్టేది పడమటి ఎండ. పిల్లలు బడి నుంచి వచ్చి పుస్తకం తెరిచే వేళకు, అంటే సాయంత్రం 4 నుంచి 6 మధ్య, అది ఏటవాలుగా వచ్చి కళ్ళల్లో పడుతుంది. ఎండాకాలంలో ఆ గోడ రాత్రి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. ఇంటి దిక్కులను ఎనిమిది స్థానాలుగా పంచే ఫెంగ్ షుయ్ పటం బాగువాలో పడమర పిల్లల స్థానం. అది చూసి బల్లను పడమటి కిటికీ కిందికి జరిపిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ పిల్లలు కళ్ళు చిట్లించుకుంటూ చదువుతారు, లేదా తెర పూర్తిగా మూసేసి పట్టపగలు లైటు కింద చదువుతారు.

ఫెంగ్ షుయ్‌లో చదువుకు అన్నిటికన్నా అక్కరకొచ్చే మాట వీపు గురించినది. కూర్చున్న పిల్లవాడి వీపు వెనక గట్టి గోడ ఉండాలి. గుమ్మం కంటికి ఆనాలి, అయితే గుమ్మానికి సూటిగా ఎదురుపడకూడదు. గుమ్మంలోంచి వచ్చే శక్తికి చీ ప్రవాహమని, అది సూటిగా తగిలితే విషబాణమని పేర్లు పెట్టారు. ఆ పేర్లు నమ్మినా నమ్మకపోయినా ఇందులో పని ఉంది. వెనక తలుపు ఉంటే ఎవరు వచ్చారో, ఎవరు చూస్తున్నారో అని పిల్లల ధ్యాస సగం అటే పోతుంది. అడుగుల చప్పుడు విన్న ప్రతిసారీ తల తిరుగుతుంది, చదువుతున్న వరుస తప్పిపోతుంది.

మన ఫ్లాట్లలో పిల్లల గది మహా అయితే 10 అడుగులకు 11 అడుగులు. వీపు గోడకు ఆనించి, బల్లను గదిలోకి తిప్పి వేయాలంటే కుర్చీకి 2.5 అడుగులు, బల్లకు 1.75 అడుగులు, మొత్తం 4.25 అడుగులు కావాలి. 2 అడుగుల లోతు వార్డ్‌రోబు, 3 అడుగుల వెడల్పు మంచం వేశాక అంత చోటు అన్ని గదుల్లో దొరకదు. దొరకనప్పుడు బల్లను పక్క గోడకు ఆనించండి. గుమ్మం కుడి చేతి వైపో ఎడమ చేతి వైపో ఉండి, తల ఎత్తకుండానే ఓరకంటికి కనిపిస్తే చాలు. బల్ల ముందు చిన్న అద్దం పెట్టి అందులో తలుపు కనిపించేలా చేయమని కొందరు చెబుతారు. మేం వద్దంటాం. పిల్లలు అందులో తలుపు కంటే తమ మొహమే ఎక్కువ చూసుకుంటారు.

తలపైన బరువు ఉండకూడదన్నది ఇంకో సూత్రం. దూలం కింద కూర్చోవద్దు, పడుకోవద్దు అంటారు. ఫ్లాట్లలో దూలం ఒక్కటే కాదు, బల్లపైన గోడకు బిగించే పుస్తకాల అర కూడా ఈ లెక్కలోకే వస్తుంది. రెడీమేడ్ స్టడీ యూనిట్లలో చాలావాటికి నెత్తి మీద అర ఉంటుంది. దానితో రెండు తంటాలు. బరువైన గైడు పుస్తకాలు అంచు మీదికి జారుతుంటాయి. గది ట్యూబ్‌లైటు అదే గోడకు అర పైన ఉంటే అర నీడ, వెనక గోడకు ఉంటే తల నీడ సరిగ్గా నోటుపుస్తకం మీద పడతాయి. అర తీయలేకపోతే కింది అరలో తేలిక వస్తువులే పెట్టి, దాని అడుగున ముందు అంచుకు 2 అంగుళాలు లోపలగా ఎల్ఈడీ పట్టీ అతికించండి. బల్ల మీద 300 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉండాలి. ఫోన్ యాప్‌లతో కొలిస్తే తేడాలొస్తాయి కాబట్టి ఒక సులువు పద్ధతి చెబుతాం. రాత్రి 7 గంటలకు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి పెన్ను పట్టించండి. పెన్ను మొన దగ్గర గాఢమైన నీడ పడితే దీపం తప్పు చోట ఉన్నట్టు. కుడిచేత్తో రాసేవాళ్ళకు దీపం ఎడమవైపు, ఎడమచేతి వాళ్ళకు కుడివైపు. కిటికీకీ ఇదే లెక్క. చదువుకునేటప్పుడు 4000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే అంకె) తెలుపు, పడుకునే ముందు గంట 2700 కెల్విన్ పసుపు వెలుగు వాడితే నిద్రకు ఇబ్బంది తగ్గుతుంది.

బల్ల ఎత్తు దగ్గర చాలా ఇళ్ళు పొరబడుతున్నాయి. ఫెంగ్ షుయ్‌లో లూ బాన్ కొలబద్ద అని ఒకటుంది. దాదాపు 42.9 సెంటీమీటర్లను 8 భాగాలు చేసి, శుభం కలిగించేవాటిని ఎర్రగా, అశుభాలను నల్లగా గుర్తిస్తారు. ఆ గుర్తులున్న టేపులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. బల్ల ఎత్తు ఎర్ర భాగంలో పడాలని వడ్రంగితో గొడవపడేవాళ్ళున్నారు. అంతకంటే ముందు పిల్లవాడి మోకాలి ఎత్తు చూడాలి. 115 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లకు కుర్చీ సీటు 31, బల్ల 53 సెంటీమీటర్లు సరిపోతాయి. 130 ఉంటే 35, 59. 145 ఉంటే 38, 64. 160 ఉంటే 43, 71. మనం కొనే బల్లలు చాలావరకు పెద్దవాళ్ళకు చేసినవి, దాదాపు 75 సెంటీమీటర్లు. మూడో తరగతి పిల్ల దాని ముందు కూర్చుంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి, గడ్డం బల్లకు తగులుతుంది, పుస్తకం కళ్ళకు 20 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. కనీసం 30 ఉండాలి. కొత్త బల్ల కొనక్కర్లేదు. 130 సెంటీమీటర్ల పిల్లకు సీటును 51 దాకా ఎత్తండి, పాదాల కింద 16 సెంటీమీటర్ల ఎత్తు పీట వేయండి. పీట వేయడం మరిచిపోతే కాళ్ళు గాలిలో వేలాడి తొడల కింద తిమ్మిరెక్కుతుంది, పది నిమిషాలకోసారి లేస్తారు. పిల్లవాడికి నిలకడ లేదని మనం తిట్టేది అప్పుడే.

ఇక పడక. రెండంతస్తుల మంచాలను ఫెంగ్ షుయ్ ఒప్పుకోదు. పైనున్నవాళ్ళకు కప్పు మీద పడుతున్నట్టు, కిందున్నవాళ్ళకు పైన బరువున్నట్టు ఉంటుందని దాని వాదన. మన ఇళ్ళలో ఇంతకంటే పెద్ద కారణం సీలింగ్ ఫ్యాన్. కప్పు 9.5 అడుగులు, ఫ్యాన్ రెక్కలు దాదాపు 8.5 అడుగుల ఎత్తున ఉంటాయి. పై మంచం పరుపు 5.5 అడుగుల మీద ఉంటే పదేళ్ళ పిల్లవాడు లేచి కూర్చునేసరికి తల 8 అడుగులకు చేరుతుంది. చెయ్యి ఎత్తితే తగిలేవి రెక్కలే. 10 అడుగుల గదిలో నడిమధ్య 48 అంగుళాల ఫ్యాన్ ఉంటే దాని రెక్క కొస గోడకు 3 అడుగుల దూరంలో తిరుగుతుంది. మంచం వెడల్పూ 3 అడుగులే! నిద్రమత్తులో ఒక్కసారి వంగితే చాలు. దయచేసి ఇలాంటి గదిలో పై మంచం వేయకండి. ఇప్పటికే ఉంటే సీలింగ్ ఫ్యాన్ తీయించి, పై మంచానికి అందనంత దూరంలో ఎదురు గోడకు ఫ్యాన్ పెట్టించండి.

మంచం తల కిటికీ కింద వద్దనే మాటా ఇంతే. అంతస్తులెక్కువున్న చోట మంచం పిల్లలకు నిచ్చెన అవుతుంది. గ్రిల్ లేని కిటికీ కింద మంచం, బల్ల, పుస్తకాల పెట్టె ఏదీ వద్దు. గ్రిల్ ఉన్నా ఊచల మధ్య సందు 10 సెంటీమీటర్లు మించకూడదు. పడకకు ఎదురుగా అద్దం వద్దన్నదీ పాటించదగ్గదే. చాలా స్లైడింగ్ వార్డ్‌రోబుల తలుపంతా అద్దమే కాబట్టి అర్ధరాత్రి మెలకువ వచ్చిన చిన్నపిల్లలు అందులో కదలిక చూసి జడుసుకుంటారు. మెటల్ రాడ్డుకు ఒక తెర వేలాడదీసి రాత్రి మూస్తే సరిపోతుంది.

పేరులోనే ఉన్న గాలి సంగతి ఎవరూ అడగరు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. చిన్న గదిలో తలుపు, కిటికీ మూసి ఇద్దరు పిల్లలు పడుకుంటే కార్బన్ డయాక్సైడ్ తెల్లారేసరికి పది లక్షల్లో 1000 భాగాలు దాటడం మామూలే. బయట అది 420 చుట్టూ ఉంటుంది. లేచేసరికి తల బరువు, బద్ధకం. కిటికీ 2 అంగుళాలు తెరవండి, గది తలుపు 4 అంగుళాలు ఓరగా ఉంచండి. బెంగళూరు రాత్రులు ఏడాదిలో ఎక్కువ నెలలు చల్లనివే కాబట్టి ఏసీ అవసరమే తక్కువ. దోమతెర జాలీకి దుమ్ము పట్టి గాలి ఆగిపోతుంది. పక్కన కట్టడం పని నడుస్తుంటే అది ఇంకా తొందరగా మూసుకుపోతుంది, 15 రోజులకోసారి విప్పి కడగాలి. పొద్దున్నే ఎదురెదురు కిటికీ, తలుపు 15 నిమిషాలు బార్లా తెరిస్తే గది గాలంతా మారుతుంది. పిల్లల గదిలో దోమల కాయిల్, సాంబ్రాణి, అగరుబత్తి వెలిగించి తలుపు మూయవద్దు. దేవుడి గదిలో వెలిగించి అక్కడి కిటికీ తెరవండి.

6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 దాటినవాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఫోన్ ఛార్జర్‌ను హాల్లోకి మార్చడం ఏ స్ఫటికం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

చదువు పేరుతో ఇంట్లోకి వచ్చే వస్తువుల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. లక్కీ బాంబూ అసలు వెదురే కాదు, మధ్య ఆఫ్రికాకు చెందిన డ్రసీనా జాతి మొక్క. అది నిలిచే గాజు గిన్నెలోని నీళ్ళే డెంగీ దోమకు పురిటిల్లు. 2001లో చైనా నుంచి ఓడల్లో వచ్చిన లక్కీ బాంబూ నీళ్ళలోనే డెంగీని మోసే టైగర్ దోమ కాలిఫోర్నియాకు చేరింది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నీళ్ళు మార్చడం ఒక్కటే సరిపోదు. గుడ్లు గిన్నె లోపలి గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. వారానికి రెండుసార్లు నీళ్ళు పారబోసి, గిన్నెను పీచుతో రుద్ది కడగాలి. అంత ఓపిక లేదంటే మట్టి కుండీలో నాటేయండి. ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగితే దిష్టి తగిలిందని భయపడకండి. బోరు నీళ్ళ ఉప్పు అది, వాన నీరో ఆర్ఓ నీరో పోస్తే కొత్త ఆకులు బాగుంటాయి. మనీ ప్లాంటు రసం నోట్లో పడితే నాలుక మంటెత్తుతుంది కనుక పాకే పిల్లలున్న ఇంట్లో అందనంత ఎత్తున పెట్టండి. నీటి ఫౌంటెన్, అక్వేరియం పడకగదిలో వద్దని ఫెంగ్ షుయ్ శాస్త్రమే చెబుతుంది. అమ్మేవాళ్ళు ఆ సంగతి చెప్పరు. నున్నటి గాజు గోళం కిటికీకి కడితే ఎండను ఒక చోట పోగు చేసి తెరకు నిప్పంటించగలదు. కట్టాలనుంటే నేరుగా ఎండ పడని చోట కట్టండి. ఎర్ర రంగు పూసిన చౌక నాణేలు, తాబేళ్ళు పసిపిల్లల నోటికి అందకూడదు. ఆ రంగులో ఏముందో పెట్టె మీద రాయరు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) మించకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. బసవనగుడి, మల్లేశ్వరం వైపు పాత ఇళ్ళలో అద్దెకుండి, పిల్లల గదికి పచ్చరంగు మంచిదని పాత పెయింటును పొడిగా గీకించకండి. తడిపి గీకించండి, ఆ పని జరిగినన్ని రోజులూ పిల్లల్ని ఇంకో చోట పడుకోబెట్టండి.

దిక్కుల లెక్క చూసేవాళ్ళకు రెండు మాటలు. ఫెంగ్ షుయ్‌లో పుట్టిన ఏడాది నుంచి కట్టే క్వా సంఖ్యను బట్టి చదువుకు దిక్కు చెబుతారు. 2000 నుంచి పుట్టినవాళ్ళకు సూత్రం మారింది. పుట్టిన ఏడాది చివరి రెండంకెలు కలిపి, వచ్చిన అంకెను అబ్బాయికైతే 9లోంచి తీసేయాలి, అమ్మాయికైతే 6 కలపాలి. 2014లో పుట్టిన అబ్బాయికి 1, 4 కలిపితే 5, తొమ్మిదిలోంచి తీస్తే 4. అతని చదువు దిక్కు ఆగ్నేయం. అదే ఏడాది పుట్టిన అమ్మాయికి 5, 6 కలిపి 11, మళ్ళీ 1, 1 కలిపితే 2. ఆమెది నైరుతి. పాత పట్టికలు 10లోంచి తీయమని, 5 కలపమని చెబుతాయి. దాంతో అబ్బాయిని నైరుతికి, అమ్మాయిని ఉత్తరానికి తిప్పేస్తారు. జనవరిలో పుట్టినవాళ్ళకు ముందు ఏడాది తీసుకోవాలన్నది ఇంకొందరు మరిచిపోతారు, ఎందుకంటే ఈ లెక్కకు ఏడాది ఫిబ్రవరి 4 దగ్గర మొదలవుతుంది. ఫోన్ కంపాస్ ఇనుప బీరువా, లిఫ్టు, స్తంభాల్లోని కమ్ముల పక్కన తప్పు చూపిస్తుంది. ఒక్కో దిక్కుకు 45 డిగ్రీలే కాబట్టి 20 డిగ్రీల తేడా వస్తే దిక్కే మారిపోవచ్చు. గోడకు 3 అడుగుల దూరంలో, మూడు చోట్ల చూసి సరిపోల్చుకోండి. ఫెంగ్ షుయ్‌లోనే మరో శాఖ అయిన బ్లాక్ హ్యాట్ పద్ధతివాళ్ళు కంపాస్ అసలు వాడరు, గుమ్మం గోడను బట్టే గదులు పంచుతారు. వాళ్ళ లెక్కలో జ్ఞానస్థానం గుమ్మంలోంచి లోపలికి చూస్తే దగ్గరి ఎడమ మూల. కంపాస్ లెక్కలో అది ఈశాన్యం. ఒకే ఇంట్లో రెండు వేరు మూలలు! వాస్తు కూడా కలిపితే ఆగ్నేయం వాస్తుకు అగ్ని, ఫెంగ్ షుయ్‌కి కలప. వాస్తు చూసి పొయ్యి పెట్టిన మూలలోనే ఇంకొకరి మాట విని అక్వేరియం పెట్టేస్తుంటారు. మీకు నమ్మకమున్న ఒక్క పద్ధతిని పట్టుకోండి. ఒకే బల్ల పంచుకునే అన్నాచెల్లెళ్ళకు దిక్కులు కుదరకపోతే వెలుతురుకు, వీపుకు ఓటు వేయండి. దిక్కు మార్చినందువల్ల మార్కులు పెరిగాయని చూపే రుజువేదీ మాకు కనబడలేదు. వెలుతురు, నిద్ర, గాలి బాగుపడితే పిల్లలు కుదురుగా కూర్చోవడం ఎవరి ఇంట్లోనైనా చూడొచ్చు.

మమ్మల్ని కలవరపెట్టేది మరొకటుంది. పడమట బాత్‌రూము ఉంది కాబట్టి వీడికి చదువు అబ్బదు అని పిల్లల ఎదుటే అనేస్తున్నారు. అద్దె ఇంటి బాత్‌రూము పదేళ్ళ పిల్లవాడి తప్పు కాదు. వరుసలు తప్పి చదవడం, తలనొప్పి, బోర్డు కనబడక కళ్ళు చిట్లించడం ఉంటే ముందు కంటి డాక్టరుకు చూపించండి. ఎనిమిదేళ్ళు దాటినా అక్షరాలు తారుమారవుతుంటే, చదవడానికి ఏడుస్తుంటే అభ్యసన సమస్య ఉందేమో చూపించాలి. మన ఊళ్ళోనే నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. గోడలు మార్చుకుంటూ ఏడాది గడిపేస్తే పోయేది ఆ పిల్లవాడి ఏడాదే. రోజూ కాసేపు బయట పగటి వెలుతురులో ఆడించండి. గదిలో 300 లక్స్ ఉంటే చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది, కళ్ళకు అది మేలు.

మీ పత్రికలో ఇంటి అమరికపై వచ్చే శీర్షికలో దిక్కులతో పాటు కొలతలు కూడా వేయండని మా మనవి. పిల్లల ఎత్తుకు బల్ల ఎత్తు పట్టిక ఒకటి ఏప్రిల్ సెలవుల ముందు ప్రచురిస్తే కత్తిరించి వడ్రంగికి ఇచ్చుకుంటారు. ఫ్యాన్, పై మంచం కొలతలు దాని కిందే వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
గృహ అంతరాలంకరణ వృత్తిలో ఉన్న కొందరు తెలుగువారు,
బెంగళూరు